అవ్వ గడ్డం మీది చుక్కలు ఎవరికీ పట్టవా?

నిజామాబాద్‌లో ఏ టాటూ షాపుకైనా వెళ్లి ఆల్బమ్ తిరగేయండి. సింహం ముఖం ఉంటుంది, ధైర్యానికి గుర్తు అంటారు. ఈక చివర విడిపోయి పక్షులై ఎగిరిపోతుంటుంది, అది స్వేచ్ఛ అట. అడ్డంగా పడుకున్న ఎనిమిది అంకె అంతులేని ప్రేమ. త్రిశూలం, దిక్సూచి, లంగరు, గుండె కొట్టుకునే గీత మధ్యలో అమ్మానాన్నల పేర్లు. ఖరీదైన పేజీల్లో భుజం చుట్టూ తిరిగే నల్లటి మావోరీ పట్టీ. దాన్ని ‘ట్రైబల్ డిజైన్’ అని అమ్ముతారు. వర్ని, కోటగిరి, ఎడపల్లి వైపు తండాల్లో, ఊళ్లలో మన ఆడవాళ్ల చేతుల మీద, గడ్డాల మీద ఉన్న బొమ్మలకు మాత్రం ఆ ఆల్బమ్‌లో ఒక్క పేజీ కూడా దక్కదు. ఇది నాకు ఒళ్లు మండించే విషయం.

కుర్రాళ్లను తప్పు పట్టను. వాళ్ల ముందు పెట్టిన దాంట్లోంచే వాళ్లు ఏరుకున్నారు. కానీ ఆ బొమ్మల అర్థాలు ఎక్కడివో ఒకసారి చూడండి. లంగరు పాతకాలపు నావికులది. అట్లాంటిక్ దాటివచ్చినవాడు పొడిపించుకునేవాడు. ప్రాణాలకు తెగించి సంపాదించుకున్న గుర్తు అది. దరిదాపుల్లో సముద్రమే లేని నిజామాబాద్‌లో అదే లంగరును ‘నిలకడ’ అని చెప్పి చేతి మీద వేస్తున్నారు. ఎవరి బతుకులోంచో పుట్టిన గుర్తును ఊడబెరికి, కింద ఒక ముక్క అర్థం అతికించి, చదరపు అంగుళానికి ఇంత అని లెక్కగట్టడం వ్యాపారం. దాన్ని సంస్కృతి అని నా దగ్గర అనొద్దు.

న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల సంగతే తీసుకోండి. వాళ్ల మోకో పచ్చబొట్టులో ఆ మనిషి వంశం ఉంటుంది, తెగ ఉంటుంది, ఎవరి బిడ్డో ఉంటుంది. పూర్వం దాన్ని సూదితో పొడిచేవారు కాదు, ఎముకతో చేసిన చిన్న ఉలితో చర్మాన్ని చెక్కేవారు. తెల్లవాళ్ల పాలన, మిషనరీల ఈసడింపు కలిసి దాన్ని దాదాపు తుడిచిపెట్టాయి. మావోరీ విద్యలు తెలిసిన పెద్దలను అణచడానికి 1907లో ఏకంగా ఒక చట్టమే చేశారు. అయినా ఆ జాతి తిరగబడి నిలబెట్టుకుంది. ఆడవాళ్లు గడ్డం మీద వేయించుకునే మోకో కవాయ్‌ను 2016లో వేయించుకున్న ననాయా మహుతా 2020లో న్యూజిలాండ్ విదేశాంగ మంత్రి అయ్యింది. గడ్డం మీది ఆ పచ్చబొట్టుతోనే దేశదేశాల నాయకుల పక్కన కూర్చుంది.

గడ్డం మీద పచ్చబొట్టు! మన లంబాడా అవ్వలకు లేదా? మన పల్లెటూరి ముసలమ్మలకు లేదా? అదే గడ్డం, అదే నలుపు. అక్కడ మంత్రి ముఖాన గౌరవమైంది ఇక్కడ పెళ్లిచూపుల్లో పిల్లకు వంక ఎట్లా అయ్యింది?

బోధన్ దగ్గర ఒక తండాలో, జీవితమంతా చెరుకు కొట్టిన ఒక అవ్వ చేయి పట్టుకుని చూశాను. చెరుకాకు కోసిన గీతలు ముంజేతి నిండా తెల్లగా మిగిలిపోయాయి. వాటి కింద తేలు. కొండి పైకి లేచి ఉంది. ఒక పక్క నాలుగు కాళ్లు, ఇంకో పక్క మూడే. నాలుగోది పొడవబోతుంటే నొప్పికి చేయి గుంజుకుందట, మళ్లీ ఇయ్యలేదట. తేలు పక్కన తులసి గద్దె, దాని కింద వంకర అక్షరాల్లో తమ్ముడి పేరు. ఆమెకు చదవడం రాదు, అయినా ఏ అక్షరం ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపింది. ఎందుకు పొడిపించుకున్నావని అడిగితే, “సొమ్ములన్నీ ఒలుసుకుంటరు బిడ్డా, ఇదొక్కటి ఎవ్వలు గుంజుకుంటరు?” అంది.

ఈ మాట ఒక్క ఆమెది కాదు. చచ్చినాక వెంట వచ్చేది పచ్చబొట్టే అని తెలుగు నేలంతా ఆడవాళ్లు చెప్పుకున్నారు. గోదావరి అవతలి ఆదిలాబాద్ గోండుల్లోనూ ఆ నమ్మకం ఉంది. ఆలోచించండి. ఆ ఆడదాని పేరు మీద భూమి లేదు. మెడలో వెండి ఉంటే అప్పులోడి చూపు దాని మీదే. మొగుడు పోతే గాజులు పగలగొడతారు, బొట్టు చెరిపేస్తారు. ఇన్ని లాక్కునే లోకంలో తాకట్టు పెట్టలేని, ఒలుచుకోలేని ఒకే ఒక్క సొమ్మును ఆమె చర్మం కింద దాచుకుంది. ఆస్తి హక్కు గురించి ఇంతకన్నా పదునైన మాట ఏ చట్టసభలో విన్నారు? దీని ముందు ‘సింహం అంటే ధైర్యం’ ఎంత చప్పగా ఉందో చూడండి.

ఆ పనిలో నేర్పు తక్కువేం కాదు. నాలుగైదు సూదులు కలిపి దారంతో కట్టి, దీపపు మసిని ఆకుపసరులో రంగరించి, చర్మం రెండో పొర దాకా దించాలి. లోతు తగ్గితే కొన్నాళ్లకే రాలిపోతుంది, ఎక్కువైతే పుండవుతుంది. మసి నలుపే, కానీ పైచర్మం గుండా చూస్తే నీలమూ పచ్చా కలిసినట్టు తేలుతుంది. లోపలికి దిగిన మసిని ఒంట్లోని రక్షక కణాలు మింగి అక్కడే ఉండిపోతాయి. అవి చస్తే వాటి తరవాతివి ఆ మసినే మింగుతాయి. అందుకే పచ్చబొట్టు మనిషి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పిల్ల నొప్పి మరిచిపోవడానికి పొడిచే ఆమె పాట పాడేది. ఆ పాటలు మన దగ్గర ఎంతమంది రాసిపెట్టారు?

పొడిచే ఆ చేతులు ఎవరివి? ఎరుక చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన ఎరుకల ఆడవాళ్లవి. ఆదిలాబాద్‌లో గోండుల కథలు పాడే ‘తోటి’ అనే తెగ ఆడవాళ్లవి. ఎరుకలవాళ్లకు ఈ దేశం ఇచ్చిన బహుమానం ఏమిటో తెలుసా? 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసి, సెటిల్‌మెంట్లలో కుక్కారు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 అయ్యింది. ఆ చట్టానికి ముందే పచ్చబొట్టును శిక్షగా కూడా వాడారు: బెంగాల్‌లో కంపెనీ ప్రభుత్వం ఖైదీల నొసటి మీద నేరం పేరు పొడిపించేది, 1849లో గానీ ఆపలేదు. ఊరి ఆడవాళ్లందరి చేతుల మీద తులసి గద్దెలు దిద్దిన మనుషులకు దొంగలన్న ముద్ర వేశారు! ఆ ముద్ర మాత్రం ఏ లేజర్‌తోనూ పోలేదు. ఇవాళ్టికీ ఊళ్లో దొంగతనం జరిగితే ముందు చూపు ఎవరి గుడిసె వైపు వెళ్తుందో అందరికీ తెలుసు.

లేజర్ అంటే గుర్తొచ్చింది. పెళ్లి కుదరడానికో ఉద్యోగానికో ముఖం మీది పచ్చబొట్టు తీయించుకునే ఆడపిల్లలు ఉన్నారు. ఒకసారితో పోదు, ఎన్నో సిట్టింగులు, ప్రతి సిట్టింగుకూ డబ్బు, మంట. కాలేజీలో “తండాదానివా?” అని నవ్విన నోళ్లే ఆ ఖర్చుకు బాధ్యులు. ఆ నవ్విన పిల్లాడి భుజం మీద మావోరీ పట్టీ ఉండవచ్చు కూడా. ఉద్యోగం అన్నాం కాబట్టి భారత సైన్యం సంగతి వినండి. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప శాశ్వత పచ్చబొట్టు ఉంటే మామూలుగా చేర్చుకోరు. కానీ ఆచారంగా వేయించుకునే గిరిజనులకు ఆ నియమాల్లోనే సడలింపు పెట్టారు. తుపాకీ పట్టేవాళ్లకే తెలిసిన ఆ మర్యాద చదువుకున్న పట్నపోళ్లకు ఎందుకు తెలియదు?

అయితే, నా మాటను పట్టుకుని పాత రోజులు బంగారం అని ఎవరూ పాట అందుకోవద్దు. ఎనిమిదేళ్ల పిల్లను ఇద్దరు పట్టుకుంటే, ఏడుస్తుంటే పొడిచిన పచ్చబొట్లు ఉన్నాయి. పెళ్లాన్ని అడగకుండా మొగుడి పేరు ఆమె ముంజేతి మీద ఎక్కించిన ఇళ్లు ఉన్నాయి. దాన్ని నేను సమర్థించను, ఒక్క క్షణం కూడా. ‘బాహుబలి’ వచ్చిన 2015లో హీరో హీరోయిన్‌కు తెలియకుండా ఆమె చేతి మీద రంగులు దిద్దితే హాళ్లలో ఈలలు వేశాం. ప్రేమ అనుకున్నాం. ఆడదాని చర్మం మీద ఎవడైనా రాసుకోవచ్చన్న ఆ ధైర్యం పాత ఆచారంలోనూ ఉంది, కొత్త సినిమాలోనూ ఉంది. రెండింటినీ కాదనాలి. కాదంటూనే, అదే చర్మం మీద తన తమ్ముడి పేరు తానే అడిగి రాయించుకున్న అవ్వ మాట కూడా వినాలి. బలవంతం పోవాలన్నంత మాత్రాన ఆమె జ్ఞాపకం చెత్తబుట్టలోకి పోవాలా?

జాతరల్లో బ్యాటరీ మిషను పెట్టుకుని కూర్చునేవాళ్ల దగ్గర పచ్చబొట్టు వేయించుకునేవాళ్లకు కూడా ఒక మాట. ఒకే సూది, ఒకే రంగు గిన్నె, వరసగా పది చేతులు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఆ దారినే వస్తాయి. పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది దాకా రక్తం ఇవ్వకూడదని రక్తనిధుల నియమం ఉన్నది ఇందుకే. కళ్లముందు కొత్త సూది విప్పకపోతే చేయి వెనక్కి తీసుకోండి.

ఇక మన పెద్దమనుషుల సంగతి. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో లేచిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. 2015లో మూతపడితే ధర్నాలు చేశాం, తెరిపిస్తామన్న హామీలు ప్రతి ఎన్నికలోనూ విన్నాం. ధర్నాలు చేయాల్సిందే. కానీ ఆ ఫ్యాక్టరీకి చెరుకు కొట్టి, మోపు కట్టి, బండికెత్తిన చేతుల మీద ఏముందో ఎవరైనా రాశారా? ఎన్ని టన్నులు ఆడిందో లెక్క ఉంది. ఆ చేతుల లెక్క లేదు. ఆ తరం ఇప్పుడు డెబ్బైలూ ఎనభైలూ దాటింది. అవ్వ పోయిన రోజున తేలు, తులసి గద్దె, వాటి వెనక ఉన్న కథ అన్నీ ఒకే కట్టె మీద కాలిపోతాయి. వాటికి రెండో ప్రతి లేదు.

2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉంది. అక్కడి తెలుగు శాఖ పిల్లలను ఒక్క వేసవి తండాలకు పంపండి. అవ్వలు ఒప్పుకుంటేనే ఫొటో తీయండి, ముఖం వద్దంటే చేయి మాత్రమే తీయండి. బొమ్మకు వాళ్లు ఏ పేరు పెడితే ఆ పేరే రాయండి, పాట గుర్తుంటే రికార్డు చేయండి, తెచ్చినదాంట్లో ఒక ప్రతి ఆ తండా బడిలోనే ఉంచండి. షాపులవాళ్లు ఆ బొమ్మలు వాడుకోవాలనుకుంటే ముందు తండాకు వెళ్లి అడగాలి. పొడిచే విద్య ఇంకా చేతిలో ఉన్న ఎరుకల ఆడవాళ్లుంటే వాళ్లను కూలి ఇచ్చి పిలిపించి, శుభ్రమైన సూది చేతికిచ్చి, షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఇవన్నీ ఈ వేసవిలోనే మొదలుపెట్టగలిగిన పనులు. ఏ జీవో అక్కర్లేదు, ఏ కమిటీ అక్కర్లేదు.