వీణకు గాలికుంచె

పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పెక్కు వీణల పేర్లు చెప్పెను. ఆ కవిని కన్న ఓరుగల్లు సీమలో వీణకు వేయు మెరుగును గూర్చి విచారించుట అసందర్భము కాదు.

బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణను చేయుదురు. అట్టిదానికై ఎయిర్‌బ్రష్ అను గాలికుంచె కొనువారు వెలకంటె ముందు దాని ముక్కును చూడవలయును. 0.2 మిల్లీమీటర్ల ముక్కు సన్నగీతలకే తగును. వార్నిష్ చిక్కనైనచో మూసికొనిపోవును. 0.5 మేలు. గాలిని, రంగును వేరువేరుగా అదుపుచేయు మీట ఉన్నచో, అంచున ముదురు ఛాయ నడిమికి క్రమముగా పలుచబడును. వానకాలమున గాలిగొట్టమునకు తేమను పట్టు జల్లెడ తప్పదు. లేనిచో లక్కపూత తెల్లబారును.

అయినను ఈ కుంచెకున్న గుణమే దోషము. చేయి నొవ్వదు గనుక పూతపై పూత పేరుకొనును. తీగె కంపము గుఱ్ఱము మీదుగా కుండపై పలకకు చేరును. ఆ పలక బరువెక్కినచో నాదము మొద్దుబారును. దుకాణమున తళుకునకై నాదమును అమ్ముకొనుట ఏమి బేరమో! పనసకొయ్య ఏండ్లు గడచినకొలది తానే ముదురు వన్నె పొందును. దండిపైనను కుండ వెలుపలను గాలికుంచె ఆడవచ్చును. పలకకు మాత్రము గుడ్డతో రుద్దిన పలుచని పూత చాలును.