ఆటలూ - ఆటగాళ్ళూ: మూడు చొక్కాలు

పిల్లలూ! మిరపకోతల రోజులలో కర్నూలు వైపునుంచి కూలి కుటుంబాలు గుంటూరు జిల్లాకు రావడం మీలో చాలామంది చూసే వుంటారు. పని వున్నచోటికి పోవాలి మరి! ఫుట్‌బాలు ఆడి బతికేవారికి కూడా అలాటి వలస వుంది.

విక్టర్ అమల్‌రాజ్ హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళిన ఆటగాడు. ఆయన మిడ్‌ఫీల్డరు, అంటే గోలు కాచేవారికీ, గోలు కొట్టేవారికీ నడుమ వుండేవాడు. ఆ చోట సుఖం లేదు. వెనక్కు పోయి ఎదుటివాడి కాళ్ళ దగ్గరనుంచి బంతి లాక్కోవాలి, మరుక్షణం ముందుకు వచ్చి తనవాళ్ళకు అందించాలి. నేటి పెద్ద పోటీలలో ఇలాటి ఆటగాడు ఒక్క ఆటలో 10 కిలోమీటర్లకు పైగా తిరుగుతున్నాడని కొలిచి చూశారు. అంటే, మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు దాదాపు నూరుసార్లు! ఇంతా చేస్తే, పత్రికలో పేరు పడేది గోలు కొట్టినవాడిది.

కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులున్నాయి. 1889లో పుట్టిన మోహన్ బగాన్‌ది ఆకుపచ్చ, మెరూన్ రంగుల చొక్కా. 1891 నాటి మొహమ్మడన్ స్పోర్టింగ్‌ది నలుపు తెలుపు. 1920 నాటి ఈస్ట్ బెంగాల్‌ది ఎరుపు, బంగారు వన్నె. 1980లలో ఏటేటా ఆటగాళ్ళు క్లబ్బులు మారే రోజులు వచ్చేవి. మంచి పిలుపు వచ్చిన చోటికి వెళ్ళేవారు. అది చెప్పినంత తేలిక కాదు. నిరుడు భుజాలమీద మోసినవాళ్ళే, చొక్కా మారితే నిందించేవారు. కోతకు వచ్చిన కూలిని, "నిరుడు పక్కవాడి చేలో ఎందుకు కోశావు?" అని ఎవరైనా అడుగుతారా?

అమల్‌రాజ్ ఆ మూడు చొక్కాలూ తొడిగి ఆడాడు.

ఈసారి ఫుట్‌బాలు ఆట చూస్తే, పది నిమిషాలు బంతిని వదిలి మధ్య ఆటగాడిని ఒక్కణ్ణే చూడండి. ఎన్నిసార్లు వెనక్కు పరుగెత్తాడో లెక్కపెట్టండి.