చేయి లేవకముందే ఆపుకుందాం

ముదిగొండ, నేలకొండపల్లి, ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా దేవుణ్ని నమ్మే ప్రతి ఒక్కరికీ ఈ మాట. నమ్మకం లేనివాళ్ల మీద మన మనసుల్లో పెరుగుతున్న కోపాన్ని చూస్తుంటే భయమేస్తోంది.

మన ఇళ్ల సంగతి మనకు తెలియనిది కాదు. ఇల్లాలు నవమికి భద్రాద్రి తలంబ్రాలు కళ్లకద్దుకుంటుంది. ఇంటాయన ఎర్రజెండా పట్టి దేవుడు లేడంటాడు. అన్న అయ్యప్ప మాల వేస్తాడు, తమ్ముడు గుడి మెట్టెక్కడు. ఇన్నాళ్లూ ఇదొక తగువే కాదు మనకు.

ఇప్పుడు గాలి మారుతోంది. ఎక్కడో ఎవరో అన్న మాటను ముక్క కోసి ఫోన్లలో తిప్పుతున్నారు. ముందూ వెనకా ఏమన్నాడో ఎవరూ వినరు. సాయంత్రానికల్లా ‘వాణ్ని ఊళ్లో తిరగనివ్వొద్దు’ అంటారు. ఫొటో, ఇంటి ఆనవాలు గ్రూపులో పడతాయి. పెళ్లికి పిలవొద్దంటారు, కొట్లో సరుకివ్వొద్దంటారు. మీసాలు రాని పిల్లల్ని ముందు నిలబెడతారు. వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా ప్రమాదం గడప దాకా వచ్చిందనే అనుకోండి.

అయ్యప్ప మీద అన్న మాటలకు నాస్తికవాది బైరి నరేష్ 2022 డిసెంబరు 31న అరెస్టయ్యారు. ఆ మాటలు భక్తులకు నొప్పి కలిగించాయి, నిజమే. చట్టం తన పని చేసింది. అక్కడితో ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో హనుమకొండలో పోలీసు వాహనంలో ఉండగానే ఆయన్ని కొట్టారు. ప్రాణం పోలేదు కాబట్టి మనం మరిచిపోయాం. పుణేలో 2013 ఆగస్టు 20న మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ పొద్దున నడకకు వెళ్లి ఇంటికి తిరిగి రాలేదు, కాల్చి చంపారు. కోయంబత్తూరులో 2017 మార్చిలో దేవుడు లేడన్నందుకు ఫారూఖ్‌ను నరికి చంపారు. ఆయన ముస్లిం ఇంట పుట్టినవాడు. ఈ జబ్బు ఏ ఒక్క మతానిదో కాదు.

మనం కొలిచే రాముడేం చేశాడో ఒక్కసారి తలుచుకోండి. చిత్రకూటంలో జాబాలి అనే ముని ఆయన ఎదుటే పరలోకం లేదు, తండ్రి మాటకు కట్టుబడనక్కర్లేదు అన్నాడు. రాముడికి కోపం వచ్చింది, గట్టిగానే వచ్చింది. మాటకు మాటే బదులిచ్చాడు. జాబాలి మీద చేయి పడలేదు. మన నేలకొండపల్లి గోపన్న చెరసాలలో కూర్చుని ఆ రాముణ్నే నిలదీశాడు, దెప్పాడు. ఆయన్ని రామదాసు అనే పిలుచుకుంటున్నాం. దేవుణ్ని కాపాడటానికి మన కర్రలు కావాలా? ఆలోచించండి.

రోజూ ప్రార్థన చేసే గాంధీ, నాస్తికుడైన మన గోరాను సేవాగ్రామ్‌కు పిలిపించుకుని మాట్లాడారు. గోరా కూతురి పెళ్లి తంతులో దేవుడి పేరు తీసేయడానికి ఒప్పుకున్నారు. గాంధీ భక్తి దాంతో తరిగిపోలేదు.

ముదిగొండవాళ్లకు ఇంకొక్క మాట. 2007 జులై 28న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. వాళ్లు అడిగింది పేదలకు భూమి, ఇళ్ల స్థలాలు. మొక్కేవాళ్లకొకటి, మొక్కనివాళ్లకొకటి అని అడగలేదు. ఆ నెత్తురు చూసిన ఊరు పక్కింటివాడి మీదికి రాయి ఎత్తకూడదు.

బాధ కలిగితే బాధ పడండి. వాదించండి, బదులు చెప్పండి. తిట్టాడనుకుంటే ఫిర్యాదు రాసి స్టేషన్‌లో ఇవ్వండి. అంతకు మించి ఒక్క అడుగు వేయకండి. గురుస్వాములారా, పాస్టరయ్యలారా, మౌల్వీసాబులారా, మీ మాట పిల్లలు వింటారు. ఈ వారమే చెప్పండి. తల్లులారా, ఆ ఫోన్లలో ఏం తిరుగుతోందో అడగండి. ఎవరి ఇంటి మీదికైనా జనం కదులుతున్నారని తెలిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 112కు ఫోన్ చేయండి, మీరూ వెళ్లి ఆ గుమ్మం ముందు నిలబడండి.