ఉప్పు చెమట – తెల్లకణాల పోరాటం



బిడ్డ నెలల తరబడి దగ్గుతూ, తిన్నది ఒంటబట్టక చిక్కిపోతుంటే మన పల్లెల్లో మొదట క్షయ అనుకుంటారు. పరీక్షలో క్షయ లేదని తేలితే దిష్టి తగిలిందంటారు, లేదా తల్లిని నిందిస్తారు. ఇలాంటి బిడ్డలలో కొందరికి ఉండేది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు. మన దేశంలో దీనిని గుర్తించడం తక్కువ. మేము వైద్యులము కాము. అయినా మన కుటుంబాలు తెలుసుకోవాలని ఈ నెల దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

మన రక్తంలో తెల్లకణాలు కావలివారి వంటివి. వాటిలో ఎక్కువ సంఖ్యలో ఉండేవి న్యూట్రోఫిల్ కణాలు. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. ఊపిరితిత్తులలో సూక్ష్మక్రిములు చేరగానే అక్కడికి పరుగెత్తి వాటిని మింగుతాయి. మింగిన క్రిమిని ఒక చిన్న సంచిలో బంధించి, ఉప్పులో ఉండే క్లోరైడ్‌తో ఘాటైన మందు తయారుచేసి చంపుతాయి. ఊరి బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లినప్పుడు నీటిలో క్రిములను చంపేది కూడా ఆ మందే. మన దేహంలో ఇంతటి ఏర్పాటు ఉన్నది!

ఈ జబ్బు గల బిడ్డలకు క్లోరైడ్‌ను కణాల గోడ దాటించే ద్వారం సరిగా పనిచేయదు. దానివలన ఊపిరి గొట్టాలలో పలుచగా ఉండవలసిన కఫం జిగురువలె చిక్కబడుతుంది. సూడోమోనాస్ వంటి క్రిములు అందులో గూడు కట్టుకొంటాయి. తెల్లకణాలు తక్కువై కాదు, గుంపులు గుంపులుగా వస్తాయి. కాని బురదలో దిగబడిన ఎడ్ల వలె క్రిములను చేరలేవు. క్రిమిని మింగిన తరువాత కూడా వాటి సంచిలోనికి క్లోరైడ్ చాలినంత చేరదని 2006లో అమెరికా పరిశోధకులు చూపించారు. చివరకు అవి అక్కడే చచ్చి పగిలిపోతాయి. వాటిలోని డి.ఎన్.ఎ. పోగులు కఫాన్ని మరింత సాగేలా చేస్తాయి. క్రిములకై దాచుకున్న ఎలాస్టేజ్ అనే పదార్థం బయటపడి ఊపిరి గొట్టాల గోడలనే తినివేస్తుంది. ఇంటిని కాపాడ వచ్చినవారి చేతనే ఇల్లు పాడవుతుంది.

కాబట్టి చికిత్సలో మొదటి పని కఫం తీయడం. వైద్యులు నేర్పినట్లు రోజూ వీపు తట్టి, ఊపిరి వ్యాయామం చేయించాలి. డి.ఎన్.ఎ. పోగులను తెంపే డోర్నేజ్ అనే మందు 1993 నుండి ఉన్నది. క్రిములకు యాంటీబయాటిక్స్ ఇస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. మరుసటి ఏడే బాస్టన్‌లో హ్యారీ ష్వాక్‌మన్ బృందం ఈ బిడ్డల ఊపిరితిత్తుల జబ్బుకు దానిని వాడి ఫలితాలు ప్రకటించింది. చెడిన ద్వారాన్నే సరిచేసే మూడు మందుల మిశ్రమం 2019లో అమెరికాలో అనుమతి పొందింది. దాని వెల మాత్రం సామాన్యునికి అందనిది.

తల్లులారా, ముద్దు పెట్టుకుంటే బిడ్డ చర్మం బాగా ఉప్పగా తగులుతుందా? మలం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుందా? దగ్గు మానక బరువు పెరగడం లేదా? అయితే చెమట పరీక్ష గూర్చి పిల్లల వైద్యుని అడగండి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ జబ్బుకు వైద్యం ఉన్నది. 1948లో న్యూయార్క్‌లో ఎండలు మండినప్పుడు ఇలాంటి బిడ్డలు సొమ్మసిల్లి ఆసుపత్రి పాలయ్యారు. వీరి చెమటలో ఉప్పు మిక్కుటమని పాల్ డి సాంట్ ఆగ్నీస్ అనే వైద్యుడు 1953లో వెల్లడించాడు. మన తిరువూరు ఎండల సంగతి చెప్పనక్కరలేదు. జబ్బు తేలిన బిడ్డకు వేసవిలో ఎంత ఉప్పు, ఎంత నీరు అదనంగా ఇవ్వాలో వైద్యుని అడిగి తప్పక ఇవ్వండి.

చివరిగా ఒక మాట. ఈ జబ్బు శాపము కాదు, అంటేది కాదు, తల్లి దోషము అంతకన్నా కాదు. తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి, చెడిన జన్యువులు రెండూ కలిస్తేనే ఇది వస్తుంది. ఇద్దరూ ఆరోగ్యంగానే కనబడతారు. అయినా ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశముంటుంది. బయటి సంబంధాలలోనూ రావచ్చు గాని, మేనరికాలలో ఒకే జన్యువు ఇరువైపులా ఉండే అవకాశం ఎక్కువ. కావున పెండ్లి మాటలు నడిచేటప్పుడు పొలం కలిసివస్తుందా అని చూచే పెద్దలు, వంశంలో పసితనంలోనే దగ్గుతో పోయిన బిడ్డలున్నారా అని కూడా విచారించవలెను. అట్టి బిడ్డ ఇప్పటికే ఇంట ఉంటే కోడలిని పుట్టింటికి పంపకండి. రోజూ ఆ బిడ్డ వీపు తట్టడానికి ఇంట్లో రెండు చేతులు చాలవు.