నీడపట్టు ఉద్యోగాలకే ముందు ముప్పు

మరిపెడ మండలంలో ఇంజనీరింగ్ చదివే ఆడపిల్ల ఇప్పుడు వింత కాదు. (2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మరిపెడ మహబూబాబాద్‌లోకి వెళ్ళింది గానీ చాలామంది నోట ఇంకా వరంగల్ జిల్లానే.) 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని, మిరప కోతకూ పత్తి ఏరడానికీ పోయే తల్లుల కూతుళ్ళు వరంగల్, ఖమ్మం, హైదరాబాద్ కాలేజీల మెట్లెక్కారు. ఏ బ్రాంచి తీసుకోవాలన్నది మాత్రం ర్యాంకుతో పాటు ఇల్లూ నిర్ణయిస్తుంది. సివిల్ అంటే ఎండలో తిరగాలి. మెకానికల్ అంటే మగపిల్లల మధ్య వర్క్‌షాపు. కంప్యూటర్ సైన్సు సీటు దొరక్కపోతే ఎలక్ట్రానిక్స్. ఎందుకంటే అది 'నీడపట్టున కూర్చుని చేసే పని'.

ఇప్పుడా నీడపట్టు మీదే అనుమానం వచ్చింది. మరిపెడలో మహిళా సంఘాల మీటింగు అయిపోయాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది: "మేడం, మా బిడ్డ ఈసీఈ చదువుతాంది. ఇగ అన్ని పనులు మిషన్లే చేస్తయంటున్నరు. మరి గీ చదువు అక్కెరకొస్తదా?"

ఈ ప్రశ్నకు మార్కెట్లో దొరికే జవాబు ఒక్కటే: కొత్త నైపుణ్యాలు నేర్చుకో, లేకపోతే వెనకబడిపోతావు. అంటే వచ్చే ముప్పుకు బాధ్యత ఆ అమ్మాయిదే. యంత్రం వానలాంటిదనీ, అందరిమీదా ఒకేలా పడుతుందనీ, గొడుగు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలనీ దీని సారాంశం. వాన కూడా అందరిమీదా ఒకేలా పడదని గుడిసెలో ఉన్నవాళ్ళకు తెలుసు.

2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ ఫ్రే, మైకేల్ ఆస్‌బోర్న్ అమెరికాలోని 702 వృత్తులను తీసుకుని, ఏది యాంత్రీకరణకు ఎంతగా లొంగుతుందో లెక్క వేశారు. ఆ పట్టికలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుకు ఉన్న ముప్పు 3 శాతం కూడా లేదు. అదే రంగంలో టెక్నీషియన్లకు 80 శాతం పైన. పరికరాలను కూర్చే అసెంబ్లీ కార్మికులకు 90 శాతం పైన. ఇది పాత లెక్క, అమెరికా లెక్క, ఇప్పటి కృత్రిమ మేధ రాకముందు వేసిన లెక్క. ఆ అంకెలను నమ్మమని నేననను. ఆ మెట్ల వరసను చూడమంటాను. ఒకే రంగంలో, ఒకే కప్పు కింద, ఒకరికి భద్రత, ఇంకొకరికి గండం. ఏ మెట్టు మీద ఎవరు నిలబడి ఉన్నారన్న ప్రశ్న మాత్రం ఆ పట్టిక వేయదు. అది మనం వేయాల్సిన ప్రశ్న.

కింది మెట్టు మీద ఎవరున్నారో చూడటానికి దూరం పోనక్కర్లేదు. శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ ఫోన్లు కూర్చే పనిలో అత్యధికులు ఆడపిల్లలే. సన్నని వేళ్ళు, ఓపిక, ఎదురు చెప్పకపోవడం, ఇవీ అర్హతలు. ఈ 'సన్నని వేళ్ళ' నేర్పు పుట్టుకతో వచ్చింది కాదనీ, ఇంట్లో కుట్టుపనీ వంటపనీ చేయించి నేర్పిన శిక్షణేననీ, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వని శిక్షణ కాబట్టే దాన్ని నైపుణ్యంగా లెక్కించక చవగ్గా కొంటున్నారనీ డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే రాశారు. ఆ వేళ్ళకు కూడా షరతులున్నాయి. శ్రీపెరుంబుదూర్ ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఐఫోన్ అసెంబ్లీ పనికి పెళ్ళయిన స్త్రీలను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చింది. ఇక సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాలు అమర్చే యంత్రం గంటకు వేలకు వేలు అమరుస్తుంది, టంకం సరిగ్గా పడిందో లేదో కెమెరా చూసి చెబుతుంది. భూతద్దం కింద కళ్ళు కాయలు కాసేలా చూసిన అమ్మాయి పని అది. యంత్రం రాకూడదని నేననడం లేదు. టంకం పొగ పీల్చడంలో విముక్తేమీ లేదు. ఆ పని పోయినప్పుడు ఆమెకు ఆ యంత్రాన్ని నడపడం నేర్పారా, లేక ఇంటికి పంపి ఐటీఐ చదివిన అబ్బాయిని తెచ్చారా అన్నది నా ప్రశ్న.

మా పిల్ల అసెంబ్లీ కార్మికురాలు కాదు కదా, ఇంజనీరు కదా అంటారు తల్లిదండ్రులు. ఆ పైమెట్టు లోపల మళ్ళీ మెట్లున్నాయి. పరికరం ఎలా ఉండాలో తేల్చడం, కొనుగోలుదారుతో మాట్లాడటం, టవర్ దగ్గరో సబ్‌స్టేషన్‌లోనో చెడిపోయిన చోటికి వెళ్ళి ఎందుకు చెడిందో పట్టుకోవడం ఒక రకం పని. ముందే రాసి ఉన్న పద్ధతి ప్రకారం పరీక్షలు జరపడం, ఫలితాలు నింపడం, పత్రాలు తయారుచేయడం ఇంకో రకం. నేను మాట్లాడిన ఇంజనీరు అమ్మాయిలు చాలామంది చెప్పే మాట ఒకటే: "సైటుకు నువ్వెందుకమ్మా, ఇబ్బంది పడతావు, రిపోర్టులు చూసుకో." ఎంత ఆప్యాయత! ఆ రిపోర్టులనే ఇవాళ సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో రాస్తోంది. సైటుకు పోయినవాడు అనుభవం కూడబెట్టుకుని పై పోస్టుకు చేరతాడు. నీడపట్టున కూర్చోబెట్టిన అమ్మాయి దగ్గరికి యంత్రం ముందొస్తుంది. ఇంట్లో బ్రాంచి ఎంచిన చెయ్యీ ఆఫీసులో పని పంచిన చెయ్యీ ఒకటే, పితృస్వామ్యానిది.

1943లో గిండీ కాలేజీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికొచ్చిన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి బిడ్డ, పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకున్న బాలింత. దేశంలో తొలి మహిళా ఇంజనీరు అని సభల్లో తలుచుకుంటాం, మంచిదే. ఆమె చేతికి ఏ పని ఇచ్చారన్నది ఎవరూ చెప్పరు. విద్యుత్ సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్లు డిజైన్ చేసే పని ఇచ్చారు. తేడా అక్కడుంది.

చట్టం సంగతికి వద్దాం. స్త్రీలు రాత్రిపూట ఫ్యాక్టరీలో పనిచేయరాదన్న నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసింది. 'రక్షణ' పేరుతో పనికి దూరం చేయడం వివక్షేనన్న మాట అప్పుడే తేలింది. 1976 సమాన వేతన చట్టం నియామకంలో వివక్షను నిషేధించింది. 1987 సవరణ పదోన్నతి, శిక్షణ, బదిలీ అన్న మూడు మాటలను పేరు పెట్టి మరీ చేర్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ దాని స్థానం తీసుకుంది. అందులో నియామకం ఉంది, ఉద్యోగ షరతులు అన్న మాట ఉంది, ఆ మూడు మాటలు విడిగా లేవు. యాంత్రీకరణ కాలంలో స్త్రీకి అన్నిటికంటే అవసరమైన మాటే శిక్షణ. సరిగ్గా అదే జారిపోయింది. కార్మిక సంఘాలు దీన్ని చిన్న విషయమనుకుంటే మనం అనుకోనక్కర్లేదు.

కాబట్టి క్షేత్రంలో పనిచేసే మిత్రులు కాలేజీలనూ కంపెనీలనూ లెక్కలు అడగడం మొదలుపెట్టాలి. ప్లేస్‌మెంట్లు ఎన్ని అని కాదు. అమ్మాయిలను ఏ పనిలోకి తీసుకున్నారు, కొత్త యంత్రం వచ్చినప్పుడు శిక్షణకు ఎవరిని పంపారు, సైటుకు వెళ్ళే అమ్మాయికి బండి, బస, మరుగుదొడ్డి ఉన్నాయా? ప్రభుత్వం రాయితీలిచ్చి భూమిలిచ్చి తెచ్చుకుంటున్న ప్రతి ఎలక్ట్రానిక్స్ కంపెనీతో చేసుకునే ఒప్పందంలో శిక్షణ, పదోన్నతి, బదిలీ అన్న ఆ మూడు మాటలు రాయించాలి. మరిపెడలో ఆ తల్లికి నేనిచ్చిన జవాబు కూడా ఇదే. చదువు మాన్పించకు, బ్రాంచి మార్చకు, సైటుకు పంపుతామంటే వద్దనకు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "రాత్రయితే ఎట్ల వస్తది మేడం?" అంది. కంపెనీ బండి ఇవ్వాలని రాసుకున్నాం.