పుట్టిన ఊరు: శింగనమల

2020 మార్చి 17, మధ్యాహ్నం 12 గంటలు. ఆ నిమిషం నుంచి ఫ్రాన్స్‌లో ఎవరు గడప దాటాలన్నా చేతిలో ఒక కాగితం ఉండాలి. అది ఇచ్చేది పోలీసులు కాదు, ఏ ఆఫీసూ కాదు. ఎవరికి వాళ్లే రాసుకోవాలి. ‘నేను ఫలానా, ఫలానా చోట ఉంటాను, సరుకులు కొనడానికి వెళ్తున్నాను’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టుకుని బయల్దేరాలి. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ అన్నమాట. బ్రౌజర్లు దాన్ని నమ్మవు గానీ ఫ్రాన్స్ పోలీసులు నమ్మారు. కాగితం లేకపోతే మాత్రం 135 యూరోల ఫైన్.

వారం తిరిగేసరికి రూల్స్ ఇంకా బిగించారు. వాకింగ్‌కైతే ఇంటి నుంచి కిలోమీటరు దాటకూడదు, గంట మించకూడదు. కొత్త ఫారంలో బయల్దేరిన టైమ్, పుట్టిన ఊరు కూడా రాయాలి. అప్పుడు నార్మండీలో ఒక చిన్న టౌన్‌లో ఉన్న నా స్కూల్ ఫ్రెండ్ దగ్గర ప్రింటర్ లేదు. చేత్తో రాసినా చెల్లుతుంది కాబట్టి నోట్‌బుక్‌లో పేజీలు చింపి రాసుకునేది. బ్రెడ్ కోసం వెళ్లినా, ఉల్లిగడ్డల కోసం వెళ్లినా ప్రతిసారీ అదే వాక్యం: పుట్టిన ఊరు శింగనమల. ఏప్రిల్ 6 నుంచి ఫోన్‌లో నింపి క్యూఆర్ కోడ్ చూపించే వీలొచ్చాక గానీ ఆ ఇంపొజిషన్ ఆగలేదు.

శింగనమల అమ్మాయికి నార్మండీలో ఏం పని అంటారా? ఇంగ్లిష్ చెప్పడం.

ఫ్రాన్స్ స్కూళ్లు ఏటా బయటి దేశాల నుంచి లాంగ్వేజ్ అసిస్టెంట్లను తీసుకుంటాయి. మన దేశంలో ఫ్రెంచ్ చదువుకునేవాళ్లు కూడా వెళ్తుంటారు. తను హైదరాబాద్ ఇఫ్లూలో ఫ్రెంచ్ చదివి అలా వెళ్లింది. ఏడు నెలల కాంట్రాక్ట్, వారానికి 12 గంటలు, నెలకి చేతికొచ్చేది 800 యూరోల లోపే. ఊళ్లో మాత్రం అందరూ ‘ఫ్రాన్స్‌లో సెటిలైంది’ అనేశారు. అద్దె కట్టి, తిండికి పోగా ఎంత మిగులుతుందో ఎవరూ అడగలేదు. సెటిల్ అనే మాటని మనం ఎంత ఈజీగా వాడేస్తామో!

విదేశీ భాషలు మా జిల్లాకి మరీ వింతేం కాదు లెండి. స్పెయిన్‌లో పుట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ, మా పల్లెల పిల్లలకి స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ కూడా నేర్పించింది. కానీ అక్కడి వాళ్లకే ఇంగ్లిష్ చెప్పడానికి మా ఊరి నుంచి ఒకరు వెళ్లడం వేరే లెవెల్. అందులోనూ హైదరాబాద్‌లో తన ఇంగ్లిష్‌లో సీమ యాస ఉందని నవ్వినవాళ్లు ఉన్నారు. నార్మండీ పిల్లలకి ఆ తేడా ఏం తెలుసు? వాళ్లకి తను ఇంగ్లిష్ మేడమ్, అంతే.

అసిస్టెంట్ పని సిలబస్ పూర్తి చేయడం కాదు. ఎనిమిది పది మందిని పక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం. ఒకరోజు వెదర్ గురించి పాఠం. ‘నైస్ వెదర్’ అంటే ఏంటని అడిగితే పిల్లలంతా ‘సన్’ అన్నారు. నార్మండీలో వానకి లెక్కే లేదు కదా! తను బోర్డు మీద నల్ల మబ్బు గీసి, మా ఊళ్లో నైస్ వెదర్ ఇదీ అంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటని, వేరుశనగ వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటామని, అంత పెద్ద చెరువుండీ నీళ్లు లేని ఏడాదులే ఎక్కువని చెప్పింది. వాన కోసం ఎదురుచూసే మనుషులుంటారని ఆ పిల్లలకి అదే మొదటిసారి తెలియడం. ఆ గంట ఎవరూ ఫ్రెంచ్‌లో గుసగుసలాడలేదట. ఈ పాఠం లండన్ అసిస్టెంట్ చెప్పలేదు, నన్నడిగితే.

మార్చి 16న స్కూళ్లు మూతపడ్డాయి. ఇండియాకి అంతర్జాతీయ విమానాలు మార్చి 22 నుంచి బంద్ అని ప్రకటన వచ్చింది. అంటే ఉండాలా, రావాలా అని తేల్చుకోవడానికి వారం కూడా లేదు. కాంట్రాక్ట్ ఏప్రిల్ ఆఖరు దాకా ఉంది. మధ్యలో వచ్చేస్తే డబ్బు సంగతి ఏంటో తెలియదు. అంతకంటే పెద్ద భయం, ఇంట్లో ఎనభై ఏళ్ల అవ్వ. పారిస్ ఎయిర్‌పోర్టు, బెంగళూరు ఎయిర్‌పోర్టు దాటుకుని వచ్చి, ఆమె పక్కన కూర్చుని అన్నం తినే ధైర్యం తనకి లేకపోయింది. ఉండిపోయింది. ఊళ్లో కొందరు ‘దేశం కాని దేశంలో పడుండాది, రావచ్చు కదా’ అన్నారు. వచ్చుంటే ‘రోగం తెచ్చింది’ అనేవాళ్లూ వాళ్లే.

రాత్రి 8 గంటలకి అక్కడ జనం కిటికీల దగ్గరికి వచ్చి ఆస్పత్రుల వాళ్ల కోసం చప్పట్లు కొట్టేవాళ్లు. మనం మార్చి 22న ఒక్క సాయంత్రం పళ్లేలు మోగించాం, వాళ్లు రోజూ. ఏప్రిల్ నెలంతా ఆ టైమ్‌కి శింగనమలలో రాత్రి పదకొండున్నర. వాళ్లమ్మ అప్పటిదాకా మేలుకునే ఉండేది. ‘అన్నం తింటివా? యాడికీ పోవద్దు’. రోజూ ఇవే రెండు మాటలు. గదిలో ఒంటరిగా ఉన్న మనిషి ఎక్కడికి పోతుంది!

జీతం ఆగలేదు. మార్చి 16, మే 15 మధ్య గడువు ముగిసే వీసాలను ఫ్రాన్స్ పొడిగించింది కూడా. కానీ పనే లేదు. మాట్లాడించడమే ఉద్యోగమైన మనిషికి, మాట్లాడే గది మూసేస్తే ఏం మిగులుతుంది? మొదటి రోజుల్లో స్కూళ్ల ఆన్‌లైన్ పోర్టల్స్ లోడ్ తట్టుకోలేక పడిపోయాయి. (సర్వర్ డౌన్ అంటే నాకు కోపం రాదు, సానుభూతి వస్తుంది.) టీవీలో పాఠాలు మొదలయ్యాయి. మన దగ్గర కూడా ఏప్రిల్‌లో పదో తరగతికి దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ వచ్చింది. తన తమ్ముడు శింగనమలలో అదే చూస్తూ పరీక్షలు ఎప్పుడో తెలియక కూర్చున్నాడు. ఫ్రాన్స్ వాళ్లు ఏప్రిల్ 3నే బాకలోరియా రాతపరీక్షలు లేవని చెప్పేశారు. మన పదో తరగతి పిల్లలకి ఆ మాట జూన్ 20న గానీ అందలేదు.

టీవీ పాఠాలతో ఒక చిక్కుంది. అవి మాట్లాడతాయి, మాట్లాడించవు. తను నిమిషం నిడివి ఆడియోలు పంపడం మొదలుపెట్టింది. నా కిటికీలోంచి ఏం కనిపిస్తోంది, ఈరోజు ఏం వండాను, మా అమ్మ ఏమంది, ఇలాంటివే. మెయిన్ టీచర్ వాటిని పిల్లలకి పంపేది. ‘మీరూ ఒకటి పంపండి, తప్పులొచ్చినా పర్లేదు’ అనడం తప్ప మార్కుల్లేవు. మొదటి వారం ముగ్గురు పంపారు. రెండో వారం తొమ్మిది మంది. క్లాసులో ఒక్కసారీ నోరు విప్పని కుర్రాడు ఒకడుండేవాడు. నలుగురి ముందు మాట్లాడాలంటే మెడ దాకా ఎర్రబడిపోయేవాడట. ఇంట్లో ఎవరూ చూడరు కదా, ఎన్నిసార్లు చెరిపి రికార్డు చేశాడో ఏమో, ఏప్రిల్ మూడో వారంలో వాడి ఆడియో వచ్చింది. నలభై సెకన్లు. వాళ్ల కుక్క గురించి, దాని కోసం రోజూ కాగితం రాసే నాన్న గురించి. ఆఖర్న ఒక ప్రశ్న: ‘మేడమ్, ఈజ్ ఇట్ రైనింగ్ ఇన్ యువర్ విలేజ్ నౌ?’

ఆ రాత్రి వాళ్లమ్మకి ఫోన్ చేసినప్పుడు తను అదే అడిగింది.

‘యాడ వానమ్మా! ఎండలు పేలిపోతాండాయి. ఎవురడిగిరి?’