ఎడారికి పిల్లులు వస్తాయా?

తాతయ్య జవాబులు

కార్వేటినగరం నుంచి అయిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా రాసింది:

"తాతయ్యా, నమస్కారం. మా నాయనా, చిన్నాయనా వేసవి సెలవుల్లో ఒక కారవాన్ బండి అద్దెకు తీసుకుంటారట. పడకలూ, వంటపొయ్యీ అన్నీ ఆ బండిలోనే ఉంటాయట. అందులో రాజస్థాన్‌లోని థార్ ఎడారి దాకా పోయివద్దామంటున్నారు. మాకు రెండు పిల్లులున్నాయి. తల్లి పేరు గౌరి, దాని పిల్ల బుజ్జి. 'పిల్లి ఎడారి జంతువే, దానికేమీ కాదు, తీసుకుపోదాం' అంటాడు మా అన్న. 'ఎండకు దోవలోనే చచ్చిపోతాయి' అంటుంది మా అవ్వ. ఎవరి మాట నిజం?"

అమ్మాయీ, మీ అన్న మాటా నిజమే, మీ అవ్వ మాటా నిజమే! అదెట్లాగో చెబుతాను. తక్కిన పిల్లలు కూడా వినండి.

ముందు మీ అన్న మాట చూద్దాం. మన ఇళ్ళలో తిరిగే పిల్లులన్నీ ఒక జాతి అడవిపిల్లి సంతానమే. ఆ అడవిపిల్లి ఆఫ్రికాలోనూ, పశ్చిమాసియాలోనూ వానలు తక్కువగా పడే నేలల మీద బతుకుతుంది. శాస్త్రజ్ఞులు 979 పెంపుడు పిల్లులనూ, అడవిపిల్లులనూ పరీక్షించి 2007లో ఈ సంగతి తేల్చారు. దానికి దాయాది అయిన ఎడారి పిల్లి మన థార్ ఎడారిలో ఈనాటికీ ఉన్నది. దాని ఒంటినిండా నల్లని చుక్కలుంటాయి.

నీళ్ళు దొరకని చోట అది ఎలా బతుకుతుంది? పిల్లి మూత్రపిండాలు మహా పొదుపరులు. ఒంట్లోని మలినాన్ని కాసిని నీళ్ళతోనే బయటికి పంపి, మిగతా నీటిని తిరిగి ఒంట్లోకే పీల్చుకుంటాయి. పైగా ఎలుక ఒంట్లో మూడింట రెండు వంతులు నీరే. ఎలుకను తింటే పిల్లికి తిండీ, నీరూ రెండూ దొరికినట్టే. మన ఇంటి పిల్లి నీళ్ళ గిన్నె జోలికి అంతగా పోకపోవడానికి కారణం ఆ పాత అలవాటే.

ఇక మీ అవ్వ మాట. ఎడారి పిల్లి ఎర్రటి ఎండలో షికారు చేస్తుందనుకున్నారా? చెయ్యదు. పగలంతా ఏ బొరియలోనో, పొద నీడలోనో ముడుచుకుని పడుకుంటుంది. చల్లబడిన తరవాతే వేటకు బయలుదేరుతుంది. అంటే, దాని బలమంతా ఎండను తప్పించుకోవడంలోనే ఉన్నది. బండిలో ఉన్న పిల్లికి తప్పించుకునే దోవ ఏదీ? తలుపు మన చేతిలో ఉంటుంది గదా!

మనకు వేడి చేస్తే ఒళ్ళంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. పిల్లికి మటుకు చెమట అరికాళ్ళలోనే పడుతుంది. అంచేత అది ఒళ్ళు నాక్కుంటుంది. ఆ తడి ఆరినప్పుడు కాస్త చల్లన అవుతుంది. చుట్టూ ఉన్న గాలి బాగా వేడెక్కిపోతే ఈ ఉపాయం చాలదు.

బయట 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, ఎండలో నిలిపిన బండి అద్దాలన్నీ మూసివేస్తే, పది నిమిషాల్లో లోపలి వేడి 45 డిగ్రీలవుతుంది. అరగంటలో 50 దాటిపోతుంది. ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి సీట్లనూ, నేలనూ కాలుస్తుంది. వాటి వల్ల వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. "టీ తాగి ఇప్పుడే వస్తాం" అని పెద్దవాళ్ళు దిగిపోయే సమయం చాలు, లోపలున్న పిల్లి ప్రాణం పోవడానికి!

కావలిస్తే మీ బడిలో మాస్టారి ఎదుట పరీక్ష చేసి చూడండి. ప్రయోగశాలలోని థర్మామీటరును గాజు సీసాలో పెట్టి, మూత బిగించి ఎండలో ఉంచండి. మరొక థర్మామీటరును చెట్టునీడన ఉంచండి. పది నిమిషాల తరవాత రెండూ చూసి అంకెలు రాసుకోండి. ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరును మాత్రం ఇందుకు వాడవద్దు; అది పాడవుతుంది, గాజుదైతే పగులుతుంది కూడా.

మరి పిల్లి ప్రయాణాలకే పనికిరాదా? ఎందుకు పనికిరాదు! సైప్రస్ అనే దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి ఒక సమాధి బయటపడింది. అందులో మనిషి పక్కనే ఒక పిల్లి ఎముకలున్నాయి. ఆ దీవిలో పుట్టిన పిల్లిజాతి ఏదీ లేదు. అంటే, దాన్ని ఎవరో పడవలో ఎక్కించుకుని సముద్రం దాటించారన్న మాట! అంత ప్రాచీన కాలంలోనే పిల్లి మనిషితో ప్రయాణం చేసింది.

ట్రిమ్ అనే మగపిల్లి మరొకటి ఉండేది. అది హిందూ మహాసముద్రంలో, ఓడ మీదనే పుట్టింది. మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుడు 1802, 1803 సంవత్సరాల్లో ఆస్ట్రేలియా ఖండాన్ని ఓడలో చుట్టివచ్చినప్పుడు ట్రిమ్ అతని వెంటే ఉన్నది. సిడ్నీ నగరంలో ఈనాడు దాని విగ్రహం కూడా ఉన్నది.

ట్రిమ్ అంత దూరం సుఖంగా ఎలా తిరిగింది? దానికి ఓడే ఇల్లు గనక! పిల్లి తన బుగ్గలను గుమ్మానికీ, మంచం కోడుకూ, మన కాళ్ళకూ రాస్తుంది గదా? ముద్దు చేస్తున్నదని మనం మురిసిపోతాం. అది అక్కడ తన వాసన అంటిస్తున్నది కూడా. తన వాసన ఉన్నచోటే దానికి ఇల్లు. ఆ వాసన లేని చోట దిగవిడిస్తే బెదిరిపోయి, దొరికిన సందులో దూరి పారిపోతుంది.

అంచేత, అమ్మాయీ, గౌరి ఇన్నేళ్ళుగా మీ వీధినీ, మీ ఇంటి మిద్దెనూ తన రాజ్యం చేసుకుని బతికింది. దాన్ని మీ అవ్వ దగ్గరే ఉంచండి. బుజ్జి సంగతి బుజ్జినే అడుగుదాం. ఎలాగంటారా? దాని బుట్టను నాలుగు రోజులు ఇంట్లోనే తలుపు తెరిచి ఉంచండి. లోపల అది పడుకునే పాతగుడ్డ వెయ్యండి. దానంతటదే పోయి అందులో పడుకుంటే, ఒకనాటి పొద్దున్నే బండిలో పుత్తూరు దాకా తీసుకుపోయి రండి. మరొకనాడు తిరుపతి దాకా పోండి. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడి డాక్టరుకు బుజ్జిని చూపించి, రేబిస్ టీకా వేయించండి. ఈ రెండు ప్రయాణాల్లోనూ బుజ్జి ఆపకుండా అరిచినా, చొంగ కార్చినా, ఇంటికి వచ్చాక కూడా తిండి మానేసినా, "నేను రాను" అని చెప్పినట్టే. ఆ మాట మన్నించాలి.

ప్రయాణం మటుకు వేసవిలో వద్దు. థార్ ఎడారి అంచున ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ కాసింది! సంక్రాంతి సెలవుల్లో పోండి. అంత దూరం పోవడానికి సెలవులు చాలవంటారా? ఇసుక తిన్నెలు చూడడానికి థార్ దాకా పోనక్కరలేదు. మన అనంతపురం జిల్లాలో, బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు దగ్గర ఇసుక తిన్నెలున్నాయి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఎండిన ఏటి ఇసుకను గాలి ఎగరగొట్టి పొలాల మీద పోస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే చాలా వాన కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలో ఎక్కువ భాగం తూర్పు తీరానికే పోతుంది. ఆ రెంటికీ మధ్య చిక్కి అనంతపురం ఎండిపోతున్నది. పచ్చని పొలం ఇసుక కిందికి ఎలా పోతుందో మీ కళ్ళతోనే చూడవచ్చు.

బుజ్జి వస్తానంటే ఈ మాటలు గుర్తుంచుకోండి:

బండి కదులుతున్నంతసేపూ బుజ్జి బుట్టలోనే ఉండాలి. దిగేటప్పుడు ఒంటికి పట్టీ, తాడూ ఉండాలి.

బండిలో ఒంటరిగా వదిలి అందరూ దిగిపోకూడదు. ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

ఇంటి నీళ్ళే వెంట తీసుకుపోండి. కొట్లో దొరికే ఎండు మేతలో నీరు పదో వంతే ఉంటుంది గనక, నీళ్ళు కలిపి మెత్తగా చేసి పెట్టండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర పెట్టవద్దు. మనుషుల జ్వరం మాత్ర పారాసిటమాల్ పిల్లికి విషం.

పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతూ, తూలుతూ ఉంటే వడదెబ్బ తగిలిందన్న మాట. వెంటనే నీడకు చేర్చి, మామూలు చన్నీళ్ళతో ఒళ్ళు తడిపి, విసనకర్రతో విసురుతూ పశువుల ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఐసు ముక్కలు పెట్టకూడదు.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. మీ ఇంటి పిల్లి మధ్యాహ్నం వేళ ఎక్కడ పడుకుంటున్నదో వారం రోజులు గమనించండి. ఆ చోట తడిమి చూడండి, చల్లగా ఉన్నదా, గాలి ఆడుతున్నదా? చూసినదంతా నాకు రాయండి.